గడ్డిచేలో మా బావ గీసిన సున్నాలు

మొన్న మనవరాలు ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎక్కడో పరాయి దేశపు గోధుమ చేలలో పెద్ద పెద్ద వలయాలు, ఆకాశం నుంచి ఎవరో దిగి గీశారని జనం ఏళ్ల తరబడి నమ్మారట, తీరా చూస్తే తాడూ చెక్కా పట్టుకుని తిరిగిన మామూలు మనుషుల పనేనట. ఆ పిల్ల ఆశ్చర్యపోతుంటే నాకు మా అక్క మొగుడు గుర్తొచ్చాడు.

ఎనభైల మొదట్లో బావా నేనూ దుబాయ్‌ దగ్గర ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అరబ్బు తోటలో పనిచేసేవాళ్లం. ఒంటెల మేతకని పెంచే గడ్డి మోకాలిదాకా ఎదిగి, అంత ఇసుక మధ్య కంటికి చల్లగా ఉండేది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, అందరూ తిని పడుకున్న వేళ, బావ చేను నడుమ గూటం పాతి తాడు కట్టాడు. ఊళ్లో కల్లానికి అలాగే గుండ్రంగా గీసేవాళ్లం. రెండేళ్లుగా కల్లం మొహం చూడని మనిషికి ఆ రోజు చేతులు ఊరుకోలేదు. నేను తాడు బిగించి పట్టుకుంటే, ఆయన చెక్కతో తొక్కుకుంటూ గడ్డినంతా ఒకే వైపుకు పడుకోబెట్టాడు. అలా మూడు సున్నాలు చుట్టి, నీళ్ల ట్యాంకు ఎక్కి చూసుకుని చాలాసేపు నవ్వుకున్నాం.

మర్నాటికి పక్క తోటలవాళ్లూ వచ్చి చూశారు. కాపలా ఉండే నెల్లూరు చాచా, జిన్నుల పనేనని భయపడ్డాడు. మా ముదీర్, అంటే మేనేజరు, జిన్నుల్ని నమ్మే మనిషి కాదు. చాచా నిద్రపోతుంటే ఎవరో చొరబడి చేను తొక్కారని, అతని వీసా రద్దు చేయించి పంపేస్తానని అన్నాడు. చాచా గదిలోకి వెళ్లి పెట్టె సర్దుకోసాగాడు.

అది చూసి బావ లేచాడు. నేనూ లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"నువ్వు నోరు తెరువకు బామ్మర్దీ. ఇద్దరం పోతే ఇంటికాడ ఎవలు సూస్తరు?"

మా వీసాలిచ్చిన తోట యజమాని, కఫీల్ ముందు నిలబడి, అంతా తనొక్కడే చేశానన్నాడు. ఆ ముసలి అరబ్బు నమ్మక, చేసి చూపించమన్నాడు. బావ గూటానికి కట్టిన తాడు రెండో కొస నడుముకు కట్టుకుని, ఆయన కళ్లముందే ఇంకో సున్నా చుట్టాడు. కఫీల్ నవ్వి, ఆ గడ్డి కోసి ఒంటెలకు వెయ్యమని, ఖలాస్, ఇక అయిపోయిందన్నాడు. ముదీర్ మాత్రం మరవలేదు. వారం తిరక్కుండా బావను దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో కఫీల్‌కే చెందిన ఒక గోదాములో మూటలు మోయడానికి పంపించేశాడు. వెళ్లేటప్పుడు చాచా ఆయన చెయ్యి పట్టుకుని, "నాకోసం ఎందుకు చెప్పినావు నాయనా" అన్నాడు. పక్కనే ఉన్న నేను తల వంచుకున్నాను. తాడు పట్టింది నేనని చాచాకు ఎన్నడూ చెప్పలేదు.

బావ చనిపోయి ఆరేళ్లయింది. అప్పట్లో ఒక గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం, ఒకరి వీసా పోతుందంటే మిగతా ఏడుగురికీ అన్నం సయించేది కాదు. ఇప్పుడు దుబాయ్ వెళ్లే మా ఊరి పిల్లలు మాకంటే సుఖంగానే ఉన్నారు, అది మంచిదే. కానీ పక్క మంచం మీది మనిషిది ఏ ఊరో తెలియకుండానే రెండేళ్లు గడిపి వచ్చేస్తున్నారు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. తెలిసిన మనిషి కోసం కూడా ఆ పూట లేచి నిలబడనివాణ్ని నేను.