అత్తమ్మ మంచం పక్కన నేను అడిగింది

ఇది ఏళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా చర్చి సంఘంలో నన్ను ఎరగనివాళ్లు లేరు గనుక పేరు లేకుండా చెబుతున్నాను. మీరైనా నన్ను మెచ్చుకోకుండా వినండి. మెచ్చుకోళ్లంటే నాకు ఒళ్లు మండుతోంది.

చిలకలగూడలో మాది రెండు గదుల ఇల్లు. అత్తమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు, ఎవరో ఒకరు ఉద్యోగం మానాలన్నారు. ఎవరో ఒకరంటే నేనే. బడిలో టీచరు పని వదిలేశాను. యాప్రాల్‌లో ఉండే మా మరిది ఆదివారాలు కొబ్బరిబోండాలతో వచ్చి, తల్లి నుదుటి మీద చెయ్యి వేసి, కాసేపటికే వెళ్లిపోయేవాడు. మా ఆయన ఒక్కసారి కూడా ఆమె పక్కగుడ్డ మార్చలేదు. పాస్టరుగారు మాత్రం నాకే చెప్పేవారు, అంతా ప్రభువుకు అప్పగించుకోమని, విసుగక ప్రార్థించమని. వాళ్లిద్దరికీ ఎందుకు చెప్పలేదు? అప్పగించుకోవడానికి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే దొరికానా?

సరే, ప్రార్థించాను. రోజూ పొద్దున ఆమె మంచం పక్కన మోకరించాను. కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, ఒక్కటే అడిగాను. ఈమెను తీసుకుపో ప్రభువా. ఇవాళే తీసుకుపో.

ఒకరోజు కళ్లు తెరిచేసరికి ఆమె నన్నే చూస్తోంది. వంకరపోయిన నోటితో మెల్లగా అడిగింది.

"ఏం అడుగుతున్నవ్ బిడ్డా దేవుణ్ణి?"

"మీకు నయం కావాలని, అత్తమ్మా."

"జెర గట్టిగ అడుగు. నాకింకా బతకాలని ఉన్నది."

ఆ మాటతో ఆగిపోయానని మీరు అనుకోవచ్చు. ఆగలేదు. మర్నాడూ అదే అడిగాను, ఇంకా కోపంగా. ఈమె బతుకుతానంటోంది సరే, ఎవరి చేతుల మీద? నా బతుకు ఏమైపోవాలి?

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఆమె పోయింది. నా ప్రార్థన వల్లనేనా? ఎవరినడగను? సమాధి దగ్గర నాకు ఏడుపు రాలేదు. దాన్ని విశ్వాసం అన్నారు. తర్వాతి ప్రార్థన కూడికలో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె స్వస్థత కోసం రోజూ మోకరించానని మైకులో చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు.

మౌలాలి నుంచి మా చర్చికి వచ్చే ఒక కోడలు ఆ సాక్ష్యం విని, ఉన్న ఉద్యోగం మానుకుని మంచాన పడ్డ అత్తగారి దగ్గర కూర్చుంది. పోయిన వారం నా చేతులు పట్టుకుని, నాకున్నంత ఓపిక తనకూ రావాలని ప్రార్థించమంది. ఆమె కళ్లలో కోపం చూశాను. నాకు తెలిసిన కోపమే. అప్పుడే చెప్పెయ్యాల్సింది. ఆమె తల మీద చెయ్యి పెట్టి, చక్కటి మాటలతో ప్రార్థించి పంపించాను.

బతకాలని ఉందన్న మనిషి పక్కన మోకరించి, ఆమె చావు కోరాను. దాంతోనే భక్తురాలిగా పేరు తెచ్చుకున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. దేవుణ్ణీ ఇంకా అడగలేదు. అడిగే ఈ నోటి మీద నాకే నమ్మకం లేదు. మరిది మీద, మా ఆయన మీద, ఆ దేవుడి మీద నా కోపమూ పోలేదు. కానీ చెప్పాను. ఒక్కరికైనా అబద్ధం కలపకుండా చెప్పాను.