అత్త తిప్పిన అరచుట్టు

మా అత్త చేతి బుట్ట పరాయి పెళ్లిళ్లలో తిరుగుతోందన్న కబురు నాకు మొదట చెప్పింది కుప్పంలో ఉండే మా వదిన, అంటే మా అత్తగారి కూతురు. మొన్న మదనపల్లెలో ఒక పెళ్లికి పోతే, ఫొటోలు తీసే మనిషి సంచిలోంచి జల్లెడంత బిళ్ల ఒకటి తీసి, ఒక్క తిప్పు తిప్పి వదిలాడు. అది తెల్లటి గుడ్డబుట్టగా సాగి లైటు మూతికి తగులుకుంది. పెళ్లికూతురి ముఖం మీద వెలుగు వెన్న రాసినట్టు పరుచుకుంది. అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే నేను బుట్టను చూస్తూ నిలబడ్డాను. రెండేళ్ల కిందట వదిన ఫోనులో అన్న మాట మళ్లీ చెవిన పడింది. "అమ్మీ, ఈడ పెళ్లిలో మా అమ్మ బుట్ట ఉండాది. మీ తమ్ముడూ నువ్వూ కలిసి ఆమెకు తెలీకుండా ఎవరికన్నా ఇచ్చేసినారా?"

నేను బడికి పోయినదాన్ని కాను. అక్షరాలు నాయన దగ్గర, జాకెట్టు కత్తిరింపు అమ్మ దగ్గర, రెండూ ఇంట్లోనే నేర్చుకున్నాను. ఆ రెండిటితోనే ఇన్నాళ్లూ గౌరవంగా బతికాను, దేవుడి దయ. బడికి పోయింది తమ్ముడు. వాడు పుంగనూరులో పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీసేవాడు. లైటు నేరుగా కొడితే నుదురు మెరిసిపోయి, ముక్కు నీడ మూతి మీద పడుతుంది. ఆ వెలుగును మెత్తబరచడానికి లైటు ముందు గుడ్డ పెట్టె ఒకటి బిగించాలి. దానికి ఎనిమిది కమ్మీలు, ఎనిమిది రంధ్రాలు, వాడికున్నది అర ఓపిక. అది బిగించేలోపల తాళి కట్టడం అయిపోయిన పెళ్లి కూడా ఒకటుంది. పాపం, ఆల్బం కోసం ఆ పెళ్లికొడుకు ఇంకోసారి కట్టినట్టు నటించాల్సి వచ్చిందట. ఆ అవమానంతోనే తమ్ముడు మా ఇంటికి వచ్చి, కమ్మీలు లేకుండా, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయేటట్టు ఒకటి కుట్టిమ్మని అడిగాడు.

రెండు స్టీలు వలయాల మధ్య తెల్ల పారాచూట్ బట్ట కుట్టాను. నిలబెడితే ముచ్చటగా ఉంది, మడవబోతే మాట వినదు. బిగువుగా కుడితే వలయం వంకర తిరుగుతుంది. వదులుగా కుడితే ముడతల నీడలు బుగ్గల మీద గీతలు గీస్తాయి. నెల రోజులు కుట్టడమూ విప్పడమూ. మా ప్రయోగాలకు పెళ్లికూతురు మా అత్తే. మొదటి ఫొటో చూసి ఆమె, "నా మొగం గోడకు కొట్టిన పిడక మాదిరి ఉండాది. తుడిపెయ్యప్పా" అంది.

అత్త పట్టుపురుగులు మేపేది. ఎండాకాలం పురుగులింట్లో చల్లదనానికి గోనెపట్టాలు తడిపి, పిండి, కిటికీలకు కట్టేది. ఒక మధ్యాహ్నం నేను బుట్టను రెండు చేతులా అదుముతూ తంటాలు పడుతుంటే, గోనె పిండుతూనే నావైపు చూసింది.

"యాల దాన్ని అట్లా అణగదొక్కతాండావు? పిండాల గదా."

తడిచేతులు చీరకు తుడుచుకుని వచ్చి, పై వలయాన్ని ఒక చేత్తో పట్టి, కింద వలయాన్ని అరచుట్టు తిప్పింది. గుడ్డ తనంతట తానే లోపలికి మెలికపడింది, వలయాలు రెండూ దోశ మీద దోశలా కూర్చున్నాయి. అంతే. తమ్ముడు కెమెరా కింద పెట్టి ఆమె కాళ్లకు దండం పెట్టాడు. నిజంగానే పెట్టాడు, నేను పక్కనే ఉన్నాను.

అత్తకు ఒక ఆచారం ఉండేది. చేతిపని ఏదైనా ఇల్లు దాటేముందు గంగమ్మను తలుచుకుని దానికి ఒక పసుపుదారం ముడి వేసేది. పట్టుగూళ్ల సంచికైనా సరే, నేను కుట్టిన జాకెట్ల మూటకైనా సరే. ఆ బుట్ట అంచుకూ వేసింది. తమ్ముడు దాన్ని ఒళ్లో పెట్టుకునే బస్సెక్కాడు. మళ్లీ దాని ఊసెత్తలేదు.

వదిన ఆ ఫోను తర్వాత ఒక వీడియో కూడా పంపింది. బెంగళూరులో ఆ బుట్టలు చేసి అమ్మే ఏదో కంపెనీ వేదిక మీద మా తమ్ముడు, చేతిలో బుట్ట. ఒకరోజు సంచి సర్దుతుంటే ఈ ఉపాయం తనకే తట్టిందని చెబుతున్నాడు. అంతవరకూ ఏదో పొరపాటు జరిగి ఉంటుందనే నా మనసు సర్దుకుంటోంది. అప్పుడు వాడు అంచున ఉన్న పసుపుదారం చూపించాడు. కంపెనీవాళ్లు ప్రతి బుట్టకూ దాన్ని మిషను మీద కుట్టారు. ఎక్కడ పట్టుకుని తిప్పాలో తెలియడానికి తాను పెట్టిన గుర్తట అది. అత్త మొక్కును కూడా వాడు తన తెలివి చేసుకున్నాడు.

మర్నాడే పుంగనూరు పోయాను. వాడే కాఫీ కలిపి ఇచ్చాడు, నాకు చక్కెర ఎంత కావాలో మరిచిపోలేదు. ఇంకేమీ వద్దు, ఒక్కసారి అత్త పేరు నలుగురిలో చెప్పమన్నాను.

"గోనె పిండే ముసలామె చేసింది అంటే వాళ్లు నన్ను ఆడ నిలబడనిస్తారా, అక్కా?"

"ఆమె కాళ్లకు మొక్కినావు గదా నాయనా."

తల దించుకున్నాడు. చెప్తానన్నాడు. నమ్మాను.

తర్వాతి వీడియోలో చెప్పాడు కూడా. అత్త పేరు కాదు, నా పేరు. అంతా మా అక్క చేతిచలవ అన్నాడు. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. వదిన అది చూసి నాకు ఫోను చేయడం మానేసింది. ఆమెను తప్పుపట్టను.

అత్తకు అప్పటికి చూపు మందగించింది. నులకమంచం మీద కూర్చుని అడిగింది.

"మీ తమ్ముడు నా మాట ఏమన్నా చెప్పినాడా, అమ్మీ?"

"చెప్పినాడత్తా."

"పేరు పెట్టి?"

"పేరు పెట్టి."

"సరిగ్గా పలికినాడా?"

"పలికినాడు."

ఆమె చాలాసేపు తనలో తాను నవ్వుకుంది. ఆ చలికాలమే పోయింది. తమ్ముడు వచ్చి ఏడ్చాడు, ఆ ఏడుపులో దొంగతనం లేదు. వాడు చేసిన ద్రోహానికి నా అబద్ధం కాపలా కాసిందని మాత్రం నాకు తెలుసు. దేవుడు నాకు అడగకుండానే ఎన్నో ఇచ్చాడు, రోజూ దణ్ణం పెట్టుకుంటాను. వాణ్ణి క్షమించే మనసు అడిగి తీసుకోవాల్సినట్టుంది, ఇంకా ఇవ్వలేదు.

ఇంకో పదేళ్లకు ఆ బుట్టకు బదులు మరొకటి వస్తుంది. మా తగవు ఏమిటో అర్థమయ్యేవాళ్లు కూడా మిగలరు. కాలం అన్యాయాన్ని సరిదిద్దదు, దాని పక్కనుంచి నడిచిపోతుంది. అందుకే, ఇంతసేపూ ఎవరి పేరూ రాయనిదాన్ని, ఒక్కటి రాస్తున్నాను. మా అత్త పేరు రెడ్డెమ్మ. ఒక్కసారి పైకి పలికి, గుర్తుపెట్టుకోండి.