గీతలక్క చూసిన తేడా

ఆ పరిశోధన కేంద్రంలో ఆమెను అందరూ గీతలక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినిపించేది కాదు.

ఆమె చేసే పని చెబితే కొత్తవాళ్ళు ఒక పట్టాన నమ్మేవాళ్ళు కాదు. మనుషుల మెదళ్ళకు హద్దులు గీయడం ఆమె ఉద్యోగం. స్కానింగు మిషన్ తీసిన మెదడు బొమ్మ, ఉల్లిపాయను పల్చగా చక్రాలు తరిగినట్టు, వందల పొరలుగా కంప్యూటరులోకి వస్తుంది. ఒక్కో పొరను తెరమీద పెట్టుకుని, జ్ఞాపకశక్తికి ఆధారమైన ఒక చిన్న భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి, దాని చుట్టూ ఎలక్ట్రానిక్ పెన్నుతో గీత గీయాలి. ఆ భాగం చిటికెనవేలంత కూడా ఉండదు. దాని అంచు పక్కనున్న భాగంతో పాలూ నీళ్ళలా కలిసిపోయి ఉంటుంది. ఒక మనిషికి ఎడమవైపూ కుడివైపూ గీసేసరికి ఆమెకు పూట గడిచిపోయేది. ఆ గీతల లోపలి కొలతలు పట్టుకుని శాస్త్రవేత్తలు, మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళలో ఆ భాగం ఎంత కుంచించుకుపోయిందో లెక్క కట్టేవాళ్ళు.

"మా కోడలు మెదళ్ళకు సరిహద్దులు గీస్తుంది" అని ఆమె అత్తగారు పక్కింటివాళ్ళతో గొప్పగా చెప్పుకునేది. ఇంట్లో మాత్రం, "అన్ని మెదళ్ళు చూస్తావు కదా, మావాడిది ఎక్కడ పారేసుకున్నాడో కాస్త వెతికి పెట్టమ్మా" అనేది. ఆ "మావాడు" గీతలక్క భర్త, బస్సు డిపోలో మెకానిక్కు. "నాది రిపేరుకిచ్చానమ్మా, స్పేర్ పార్టులు దొరకట్లేదు" అని ఆయన నవ్వేసేవాడు.

గీతలక్క కంప్యూటరు చదువు చదివిన మనిషి కాదు. పద్దెనిమిదేళ్ళు భూముల కొలతల ఆఫీసులో ట్రేసరుగా పనిచేసింది. పాత పటం మీద పల్చటి కాగితం పరిచి, సిరాపెన్నుతో హద్దులన్నీ మళ్ళీ ఎక్కించడం ఆ పని. "నీ చెయ్యి వెంట్రుకవాసి జరిగితే రెండు కుటుంబాలు కోర్టుకెక్కుతాయి, జ్ఞాపకం పెట్టుకో" అని పై అధికారి చేరిన రోజే చెప్పాడు. ఆ మాట ఆమె చేతిలో అలాగే నిలిచిపోయింది. తర్వాత పటాలన్నీ కంప్యూటర్లలోకి ఎక్కాయి, ట్రేసర్ల గదికి తాళం పడింది. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్ళు.

పరిశోధన కేంద్రంలో గీతలు గీసే మనిషి కావాలన్న ప్రకటన భర్తే చూసి చెప్పాడు. వెళ్ళేసరికి వరండా నిండా పెద్ద చదువుల వాళ్ళు. అందరికీ ఒకటే పరీక్ష. ఒక బొమ్మకు ఇవాళ గీయాలి, వారం తర్వాత అదే బొమ్మకు మొదటి గీత చూడకుండా మళ్ళీ గీయాలి. ఆమె గీసిన రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెడితే ఒకే గీతలా కనిపించింది.

"మెదడు గురించి ఏమైనా తెలుసా?" అని అడిగింది కేంద్రం డైరెక్టరమ్మ. సన్నగా, పొడుగ్గా, ప్రశ్న అడిగి జవాబు కోసం రెప్ప వాల్చకుండా చూసే మనిషి.

"తెలియదు మేడమ్. గీత తెలుసు. మిగతాది చెబితే నేర్చుకుంటా."

నేర్చుకుంది. ఏడేళ్ళలో రెండువేల మెదళ్ళ దాకా గీసింది. పుస్తకాల్లోని పేర్లు సగం నోరు తిరిగేవి కావు గానీ, ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో సొంత వీధి తెలిసినట్టు తెలిసేది. అలా తెలిసిన వాటిలో ఒకటి ఇది: తల వెనకనుంచి ముందుకు ఒక్కో పొరా తిప్పుకుంటూ వస్తే, ఎక్కువమందిలో మెదడు ఎడమ కొన ముందు కనిపిస్తుంది, రెండు మూడు పొరల తర్వాతే కుడి కొన. అందరిలోనూ కాదు, ఎక్కువమందిలో. దానివల్ల ఆమెకు పనేమీ లేదు. రోజూ వెళ్ళే దారిలో మైలురాయిని చూసినట్టు చూసి ముందుకెళ్ళిపోయేది.

ఎనిమిదో ఏడు, ఒక పెద్ద పరిశోధన తాలూకు బొమ్మలు వచ్చాయి. మొత్తం రెండువందల పద్నాలుగు మంది. అందులో అరవై ఒక్క మందిని పాత భవనంలోని పాత మిషన్ మీద తీశారు, మిగతావాళ్ళను కొత్తదాని మీద. కొత్త మిషన్ బొమ్మలు గీసేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పాతవి మొదలుపెట్టాక ఆమెకు పని ఎందుకో సాగలేదు. గీసింది చెరపడం, మళ్ళీ గీయడం. కళ్ళద్దాలు మార్చాలేమో అనుకుంది. ఆరో వారంలో, అవి పూర్తి కావొస్తుండగా, వెనకనుంచి పొరలు తిప్పుతుంటే, చప్పున ఆగిపోయింది. కుడి కొన ముందు కనిపించింది. అంతకు ముందు మనిషిది తెరిచింది. అందులోనూ కుడే.

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్ళు గీసింది. ఎడమ ముందు, కుడి ముందు, రెండూ సమానం. అరవై ఒక్క బొమ్మలూ వరసగా తెరిచి టిక్కులు పెట్టింది. నలభై నాలుగు మందికి కుడి ముందు. పదకొండు మందికి ఎడమ. ఆరుగురికి సమానం. కొత్త మిషన్ బొమ్మలు అరవై తీసి అలాగే చూస్తే లెక్క సరిగ్గా తిరగబడింది.

ఆ కాగితం పట్టుకుని ఇంజనీరు దగ్గరికి వెళ్ళింది. కేంద్రంలో వాడే ప్రోగ్రాములన్నీ చూసుకునేది అతనొక్కడే. ముప్పై అయిదేళ్ళవాడు, తెలివైనవాడు, ఎప్పుడూ పని నెత్తిన పెట్టుకుని తిరిగేవాడు.

"తమ్ముడూ, ఈ పాత మిషన్ బొమ్మల్లో ఎడమా కుడీ తారుమారయ్యాయేమో చూడు."

అతను తెరమీంచి కళ్ళు తిప్పకుండానే నవ్వాడు. "అక్కా, మనుషులందరూ ఒకే మూసలో పోసినట్టు ఉంటారా? కొందరికి అలా ఉంటుంది."

"ఒకరికి తేడా ఉంటే అది ఆ మనిషిలో తేడా. వరసగా నలభై నాలుగు మందికి ఉంటే అది మనుషుల్లో తేడా ఎలా అవుతుంది?"

"మిషన్ బొమ్మల్ని మనకు మార్చిచ్చే ప్రోగ్రాం ప్రపంచమంతా వాడుతున్నారక్కా. తప్పుంటే ఈపాటికి ఎవరో ఒకరు గగ్గోలు పెట్టేవాళ్ళు."

డైరెక్టరమ్మ దగ్గర ఇంకా చుక్కెదురైంది. ఆమె రాస్తున్న వ్యాసం పది రోజుల్లో పత్రికకు పంపాలి. జబ్బువాళ్ళలో ఆ భాగం రెండువైపులా సమానంగా కుంచించుకుపోతోందని అందులో తేల్చింది. "టిక్కులు పెట్టిన కాగితం చూసి మూడేళ్ళ పని ఆపమంటారా? మీ చేతిని నేను నమ్ముతాను. కానీ ఇది చేతి విషయం కాదు" అంది. గొంతు పెంచలేదు. అదే గీతలక్కకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో కూరలు తరుగుతూ పరధ్యానంగా ఉంటే భర్త గమనించి అడిగాడు. చెప్పింది. "నాకేమన్నా భ్రమేమో. వాళ్ళంతా చదువుకున్నవాళ్ళు."

"బండి ఓ పక్కకి లాగుతోందని ముందు డ్రైవరుకే తెలుస్తుంది" అన్నాడాయన. "వాడొచ్చి చెబితే మేం కిందకి దూరి, నాలుగు నట్లు బిగించి, అంతా బాగానే ఉంది ఫో అంటాం. పదిసార్లలో తొమ్మిదిసార్లు డ్రైవరు చెప్పిందే నిజమవుతుంది. నువ్వు అక్కడ డ్రైవరువి."

"ఆ పదోసారి?"

"పదోసారి వాడు టీ పోయిస్తాడు. అంతేగా, కొంపలేం అంటుకోవు" అన్నాడు. అత్తగారు పక్కగదిలోంచి, "ఇదిగో, మెదడు దొరికినట్టుందే మావాడికి" అంది.

మర్నాడు పొద్దున్నే గీతలక్క పాత భవనానికి నడిచి వెళ్ళింది. అక్కడ స్కానింగు చేసే టెక్నీషియను పాతికేళ్ళుగా ఉన్నవాడు, మరో ఏడాదిలో రిటైరు కాబోతున్నాడు. ఆయన్ని అందరూ మాత్రల బాబాయ్ అనేవాళ్ళు. ఎందుకో ఆమె ఎప్పుడూ అడగలేదు, ఒంట్లో బాగోక మాత్రలు మింగుతాడేమో అనుకునేది. ఆరోజు విషయం చెప్పగానే ఆయన సొరుగు లాగి ఒక సీసా బల్లమీద పెట్టాడు. చేపనూనె మాత్రలు.

"నేను మిషన్‌లో పడుకోబెట్టే ప్రతి మనిషికీ కుడి కణత మీద ఈ మాత్ర ఒకటి టేపుతో అంటిస్తానమ్మా. బొమ్మలో తెల్లగా చిక్కుడుగింజలా పడుతుంది. ఎటు కుడో ఇక చచ్చినా మర్చిపోలేరు. మిషనే చెబుతుంది కదా, ఈ చాదస్తం ఎందుకు అని పైవాళ్ళు రెండుసార్లు మెమో ఇచ్చారు. నేను మానలేదు. మరి నా మాత్ర ఎటుంది నీ బొమ్మల్లో?"

"నా బొమ్మల్లో మాత్రే లేదు బాబాయ్."

ఆ మాట అంటుండగానే ఆమెకు అర్థమైంది. బొమ్మ ఆమె దగ్గరికి వచ్చేలోపు ఒక ప్రోగ్రాం పుర్రె, చర్మం, కళ్ళు, ముఖం అన్నీ తీసేసి మెదడు ఒక్కటే మిగులుస్తుంది. ఎవరి తలో ఎవరూ గుర్తుపట్టకూడదని అలా చేస్తారు. ముఖంతోపాటు మాత్రా పోయింది. ముఖం ఉన్న బొమ్మలు తెరవాలంటే డైరెక్టరమ్మ అనుమతి ఉండాలి.

ఈసారి గీతలక్క ఒక్కతే వెళ్ళలేదు. మాత్రల బాబాయ్‌ని వెంటబెట్టుకుని, దారిలో ఇంజనీరును కూడా కుర్చీలోంచి లేపి తీసుకెళ్ళింది. డైరెక్టరమ్మ ముగ్గురినీ చూసి, సీసా వంక చూసి, బాబాయ్ చెప్పిందంతా వింది. తర్వాత తన సంకేతపదం కొట్టి, "మొదటిది తెరువు" అంది ఇంజనీరుతో.

ముఖం తీసేయకముందటి బొమ్మ తెరమీదికి వచ్చింది. తెల్లటి చిక్కుడుగింజ, "ఎడమ" అని సూచించే అక్షరం పక్కన.

"నేను ఎడమవైపు అంటించను" అన్నాడు బాబాయ్. "నా పేరైనా మర్చిపోతానేమో గానీ అది మర్చిపోను."

రెండోది తెరిచారు. మూడోది. ఎడమే. ఆ తర్వాత మిషన్‌లోంచి నేరుగా వచ్చిన అసలు బొమ్మ తెరిచారు. అందులో మాత్ర కుడి కణత మీదే ఉంది. అంటే మిషన్ సరిగ్గానే చెప్పింది. మిషన్ బొమ్మను కేంద్రం ప్రోగ్రాములు చదవగలిగే రూపంలోకి మార్చే చోట తిరగబడింది.

ఇంజనీరు మౌస్ వదిలేశాడు. "మార్చే ప్రోగ్రాం ప్రపంచమంతా వాడేదే. పాత మిషన్ ఫైళ్ళు దానికి ఎక్కడం లేదని మధ్యలో ఒక ముక్క నేను రాశాను. రెండేళ్ళ క్రితం. గంటలో రాసేశాను. పరీక్షించలేదు."

డైరెక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. తిట్టిపోస్తుందనుకున్నారు. "పత్రిక వాళ్ళకు ఇవాళే రాస్తాను, ఇప్పుడప్పుడే పంపలేమని" అంది. మళ్ళీ గీతలక్క వైపు తిరిగి, "నిన్న మీ కాగితాన్ని నేను సరిగ్గా చదవలేదు" అంది. అంతకు మించి క్షమాపణ ఆ మనిషి నోట ఎవరూ వినలేదు.

బయట వరండాలో ఇంజనీరు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "ఉద్యోగం మానేయాలనిపిస్తోందక్కా."

"మానేస్తే ఎవరు దిద్దుతారు? వేరేవాడొచ్చి నీ రాత చదువుకునేసరికే ఏడాది పడుతుంది. కొలతల ఆఫీసులో నేనూ ఓసారి వాగును గట్టుకు అవతల వేశా. ఏడుస్తూ కూర్చుంటే మా అధికారి రబ్బరు తెచ్చి చేతిలో పెట్టాడు. పో, దిద్దు."

అతను దిద్దాడు. ఆ ముక్క ఎక్కడ తప్పిందో దాచకుండా రాసి, దాన్ని తీసుకుని వాడుకున్న మరో రెండు కేంద్రాలకు పంపాడు. ఆ రెంటిలో ఒక దాంట్లో పదిహేడు బొమ్మలు తిరగబడి ఉన్నట్టు తేలింది.

గీసిన గీతలను కంప్యూటరు చేతే తిప్పించేయవచ్చని ఇంజనీరు అన్నాడు గానీ గీతలక్క ఒప్పుకోలేదు. ఆ అరవై ఒకటీ గీసినప్పుడు తన చెయ్యి తడబడిందని, తడబడిన గీతను తిప్పినా తడబాటు పోదని మొండికేసింది. మూడు నెలలు పట్టింది. కొత్త కొలతలతో లెక్క వేస్తే, రెండువైపులా సమానంగా కాదు, ఎడమవైపు ముందుగా కుంచించుకుపోతోందని తేలింది. డైరెక్టరమ్మ వ్యాసం మొదటి వాక్యం నుంచీ మళ్ళీ రాయాల్సి వచ్చింది. తేడా చిన్నదని, ఇంకా మనుషులు కావాలని పత్రికవాళ్ళు పేచీ పెట్టారు. అచ్చయ్యేసరికి రెండేళ్ళు.

అచ్చుకు ముందు, రచయితల వరసలో గీతలక్క పేరూ మాత్రల బాబాయ్ పేరూ చేర్చమని డైరెక్టరమ్మ చెప్పింది. అప్పటికి బాబాయ్ రిటైరయ్యాడు. ఫోనులో విని, "నన్నెందుకమ్మా, ఆ చేప పేరు రాయండి" అన్నాట్ట. పత్రిక పంపిన ఫారంలో డిగ్రీ అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే ముందుకు వెళ్ళనివ్వడం లేదు. చుక్కలు పెట్టేయమన్నాడు ఇంజనీరు. గీతలక్క కాసేపు ఆలోచించి, ఆ గడిలో "ట్రేసరు" అని కొట్టింది. ఫారం కిమ్మనకుండా తీసుకుంది. అచ్చయిన పేజీని అత్తగారు చదవలేకపోయినా, కోడలి పేరున్న చోటు వేలితో తడిమి, అద్దాల బీరువాలో పెట్టించింది.

ఇప్పుడు గీతలక్కకు యాభై మూడేళ్ళు. హద్దులు దానంతట అదే గీసే ప్రోగ్రాం కేంద్రానికి వచ్చేసింది. ఆమె గీసిన రెండువేల మెదళ్ళు చూసే అది పని నేర్చుకుంది. ఆమెకు ఒక పూట పట్టేదాన్ని అది నాలుగు నిమిషాల్లో గీస్తుంది. ఈసారి మాత్రం గదికి తాళం పడలేదు. ప్రోగ్రాం గీసినవాటిని రోజుకు నలభై చూసి, నప్పనివి పక్కన పెట్టడం ఇప్పుడామె పని. అంత ఇష్టంగా ఏమీ లేదు. "వండటం మానిపించి రుచి చూడమన్నట్టుంది" అంటుంది. అందుకని శనివారాలు ఒక మెదడు మాత్రం చేత్తో గీయడానికి అడిగి పెట్టుకుంది. గీశాక దాన్ని ప్రోగ్రాం గీత పక్కన పెట్టి, ఎక్కడ ఎవరిది బాగుందో పుస్తకంలో రాస్తుంది. చాలాసార్లు తనదే బాగుంటుంది. అప్పుడప్పుడు ప్రోగ్రాందీ బాగుంటుంది. అదీ రాస్తుంది.