తనంతట తాను లేచిన కాటా ప్రోగ్రాం

కరెంటు పోయి వచ్చాక మీ ఆఫీసులో పని మళ్ళీ నడవాలంటే ఫలానా మనిషి వచ్చి తీరాలా? అలాగైతే ఆ మనిషి సెలవు సంగతి ఎవరైనా ఆలోచించారా? ఈ ఉదయం సీతమ్మధారలోని మా ఇంట్లో కరెంటు వచ్చి, ఎవరూ ముట్టుకోకుండానే వైఫై పెట్టె దీపాలు వెలిగించుకుంటే, నా మొదటి ఉద్యోగంలోని బావ గుర్తుకొచ్చాడు.

పోర్టు రోడ్డు పక్కన లారీల కాటా అది. బరువు చదివి చీటీ ముద్రించే ప్రోగ్రాం ఒక యూనిక్స్ కంప్యూటర్‌లో నడిచేది. మిషను ఆగి లేచినప్పుడల్లా దాన్ని చేత్తో మొదలుపెట్టాలి, మొదలుపెట్టినవాడు లాగౌట్ అయితే అదీ ఆగిపోయేది. అందుకే అందరినీ బావా అనే, మేమూ బావ అనే పిలిచే మా సీనియరు తన తెర మీద తువ్వాలు కప్పి, ఎవరినీ దగ్గరికి రానివ్వక కాపలా కాసేవాడు. భీమునిపట్నంలో చెల్లెలి గృహప్రవేశం దగ్గరపడుతున్నా సెలవు అడగలేదు.

"నానెల్లిపోతే దీన్నెవులు లేపుతారు బావా?" అనేవాడు.

మిషనే ఎందుకు లేపకూడదని, కాలేజీ వాదపోటీల అలవాటు కొద్దీ, నేను అడిగాను. లారీలు లేని వేళ చూసి, మిషను లేస్తూ చదువుకునే ఫైలు చివర ఇద్దరం ఆ ప్రోగ్రాం పేరు చేర్చాం. మిషను ఆపి, మళ్ళీ వేశాం. అది సగంలో నిలబడిపోయింది. ఎన్నటికీ ముగియని ఆ ప్రోగ్రాం ముగిసేదాకా మిషను ఓపిగ్గా ఎదురుచూస్తోందన్నమాట. ఈలోగా బయట లారీలు చేరాయి.

"ఏటి బావా, మీ మిషనుకి నిద్దర మత్తు దిగలేదేటి?" అన్నాడొక డ్రైవరు కిటికీలోంచి.

"నువ్వో హారను కొట్టు, లేత్తాదేమో!" అన్నాడు బావ, నుదుటి చెమట తుడుచుకుంటూ.

చివరికి ఆ ఫైలు చదవకుండా మిషనును వేరే దారిలో లేపి, ఆ వాక్యం చివర, దీన్ని వెనకాల నడవనిచ్చి నువ్వు ముందుకు సాగిపో అని చెప్పే చిన్న గుర్తు పెట్టాం. ఈసారి ఆగకుండా లేచింది.

గృహప్రవేశానికి బావ వెళ్ళాడు. సరిగ్గా భోజనాల వేళకు అక్కడా ఇక్కడా కరెంటు పోయింది. వచ్చాక నేను చేతులు కట్టుకుని చూస్తూండగానే, కాటా ఎక్కిన లారీకి చీటీ దానంతట అదే వచ్చింది. వెంటనే ఫోను మోగింది, అవతల బావ.

"ఏటి బావా, లేసిందా?"

లేచిందన్నాను.

"అయితే నాను రేపు కూడా రాను."

ఇప్పుడు అన్నీ వాటంతట అవే లేస్తున్నాయి. లేసిందా అని ఆత్రంగా అడిగే గొంతే లేదు. ఆ గొంతు లేని లోటు నాకుంది, కానీ ఆ తువ్వాలు రోజులు తిరిగి రావాలని మాత్రం కోరను. మీ దగ్గర ఒకే మనిషి చేతి మీద నిలిచిన పని ఏదో ఈ రోజే వెతకండి. అది తనంతట తాను లేచేలా చేసి, ఆ మనిషిని సెలవు మీద పంపండి.