జొన్నల అర్రలో నిండు సిగ్నల్

మా ముత్తాత నారాయణరావు గారు, తాత రాఘవరావు గారు కోస్గి వైపు ఏడు ఊళ్లకు దేశ్‌ముఖులు. వాళ్ల ముందు నుంచి చెప్పులు వేసుకుని నడిచినవాడు లేడు. మా బాపు మాధవరావు గారి కాలానికి ఊళ్లు పోయాయి, భూములు పోయాయి. కోటలాంటి రాతి గడీ, పేరు మిగిలాయి. ఆయనకు నేను ఒక్కడినే కొడుకును. గొప్పకు చెప్పడం లేదు. ఎటువంటి ఇంట్లో జరిగిందో తెలిస్తేనే జరిగింది అర్థమవుతుంది.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా ఇంట్లో ఆ మాట ఎత్తడమే తక్కువతనం. బురుజు దగ్గర ఎవరో కనబడ్డారని అన్నందుకు బాపు ఒక వంటావిడను పని మాన్పించాడు. ఆయన చేసింది సరైనదేనని నేను చాలా కాలం అనుకున్నాను. ఇప్పుడు నేను రాసేది చదివి ఎవరైనా నన్ను ఆ వంటావిడ పక్కన నిలబెడితే కాదనలేను.

నాకు సుగుణ అని ఒక చెల్లెలు ఉండేది. మా ఊరి బడికి వచ్చిన పంతులును చేసుకుంటానంది. ఆయన మా కులం కాదు. బాపు ఆమెను జొన్నల అర్రలో పెట్టమన్నాడు. ఇంటికి నడిమధ్యన ఉండే గది అది. కిటికీ లేదు, మూడడుగుల మందం గోడలు, ఒక టేకు తలుపు, దానికి ఇనుప గొలుసు. తాళం వేసింది నేను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు.

తొమ్మిది రోజులు. అన్నం పెట్టేటప్పుడు కూడా తలుపు జానెడే తీసేవాడిని. "అన్నా, ఒక్క గడియ తలుపు తీసిపెట్టు, గాలాడుతలేదు" అనేది. తియ్యలేదు. పదో రోజు పొద్దున నేను స్నానానికి పోయినప్పుడు మా అమ్మ తాళంచెవి తీసుకుని ఆమెను పంపించేసింది.

ఆ రోజే బాపు మమ్మల్నందరినీ బావి దగ్గర నిలబెట్టి తలమీద నుంచి నీళ్లు పోయించాడు. చనిపోయినవాళ్లకు చేసే స్నానం. నీళ్లు చేది పోసింది మా పెదనాన్న కొడుకు వామనరావు. ఆనాటి నుంచి మా ఊరికి, మా పాలివాళ్లకు సుగుణ లేదు. బాపు పోయేముందు నా చెయ్యి పట్టుకుని, ఆమె గడప తొక్కనని ఒట్టు వేయించుకున్నాడు.

మూడు దశాబ్దాలు గడిచాక సుగుణ కూతురు స్వప్న నాకు ఫోన్ చేసింది. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. "మామా, అమ్మకు బాగలేదు. దవాఖానల ఇగ ఇంటికి తీస్కపొమ్మన్నరు. నిన్ను, ఇల్లును ఒక్కసారి వీడియోల చూస్తనంటుంది" అంది. హైదరాబాద్‌కు బస్సెక్కితే సాయంత్రానికి వాళ్లింట్లో ఉండేవాడిని. ఎక్కలేదు. గడప తొక్కనని ఒట్టు వేశాను గానీ చూడనని వేయలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

చిక్కు ఏమిటంటే గడీలో ఫోన్‌కు సిగ్నల్ సరిగా రాదు. మొదటి రోజు సుగుణ ముఖం సగం వచ్చి ఆగిపోయింది. రెండో రోజు అదీ లేదు.

కోస్గి బస్టాండు దగ్గర మొబైల్ దుకాణం నడిపే యూసుఫ్‌ను పిలిపించాను. యాభై దాటిన మనిషి. వాళ్ల తాత మా బగ్గీ నడిపేవాడు. సిమ్ వేసుకునే రౌటర్ ఒకటి, కరెంటు పోయినా నడవడానికి చిన్న బ్యాటరీ ఒకటి తెచ్చాడు. రౌటర్ ముందు నాలుగు దీపాలుంటాయి. సిగ్నల్‌ను బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా వెలుగుతాయి.

ఎత్తున పెట్టాలన్నాడు. టవర్ వైపు కిటికీలో పెట్టాలన్నాడు. ఇనుప బీరువాకు, ఫ్రిజ్‌కు, పెద్ద అద్దానికి దూరంగా ఉంచాలన్నాడు. వేగంగా పోయే వైఫై, దూరం పోయే వైఫై అని రెండు ఉంటాయట. మందపు గోడల ఇంటికి రెండోది మేలని అది పెట్టాడు. వారానికొకసారి ఆపి మళ్లీ వెయ్యమన్నాడు. చేతిలో ఫోన్ పట్టుకుని గది గదీ తిరిగి వేగం కొలిచాడు. హాల్లో ఒక దీపం. వంటింట్లో అదీ లేదు.

"దొరా, మీ పెద్దలు గీ గోడలు ఫిరంగులకు ఆగాలని కట్టిండ్రు. సిగ్నల్ ఎంతటిది!" అని నవ్వాడు.

వీధి అరుగు మీద మాత్రం నాలుగు దీపాలూ వెలిగాయి. అక్కడే కూర్చుని మాట్లాడుకోమన్నాడు. అరుగుకు ఎదురుగా చాయ్ హోటల్ ఉంది. మేము చనిపోయిందని స్నానం చేసిన మనిషితో నేను ఊరందరి ముందు మాట్లాడాలి. కుదరదన్నాను.

"అయితే నాతోని కాదు దొరా. టవర్‌నే తెచ్చి మీ హాల్ల నాటాలె" అంటూ రౌటర్ బ్యాటరీతో సహా చంకలో పెట్టుకుని, మా స్టూలు తిరిగి పెట్టడానికి జొన్నల అర్రలోకి పోయాడు. రౌటర్ ఎత్తున పెట్టి చూడడానికి దాన్ని అక్కడి నుంచే తీసుకున్నాడు. లోపలి నుంచి "యా అల్లా" అన్నాడు.

పోయి చూశాను. నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి.

పరికరం చెడిందనుకున్నాడు. మర్నాడు దుకాణం నుంచి ఇంకొకటి తెచ్చాడు. అదీ అంతే. గోడలో దీపం పెట్టుకునే గూడు ఉంది. అందులో పెడితే అరుగు మీద కంటే ఎక్కువ వేగం చూపించింది. ఇది పట్టపగలు, మధ్యాహ్నం పూట జరిగింది. నేను, నా భార్య రమ, యూసుఫ్, ముగ్గురం చూశాం.

సాయంత్రం నాలుగింటికి గూట్లో రౌటర్ పక్కన ఫోన్ నిలబెట్టి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. నా వెనుక తలుపు. సుగుణ వచ్చింది. జుట్టంతా పోయింది. కళ్లు మాత్రం మా అమ్మవే. నన్ను చూసింది, నా వెనుకకు చూసింది.

"జొన్నల అర్రనా అన్నా?" అంది.

ఆమె నవ్వింది. "గంత ఇల్లుండంగ నీకు గిదే దొరికిందా? అప్పుడు నన్ను కూసోబెట్టినవు, ఇప్పుడు నువ్వు కూసున్నవు."

సిగ్నల్ ఇక్కడే వస్తోందని చెప్పాను. అబద్ధం కాదు. కానీ ఆ మాట చెబుతుంటే తల ఎత్తలేకపోయాను.

మా మాటలు పనిమనిషికి వినబడకూడదని లేచి తలుపు వేశాను. వెంటనే ఆమె ముఖం ఆగిపోయింది. తీశాను, వచ్చింది. అప్పుడు సుగుణ అన్నది: "తలుపు తీసిపెట్టుకొనే కూసో అన్నా. నాకు గాలాడుతది."

ఆ తరువాత రోజూ పరీక్షించాను. తలుపు వేస్తే దీపాలన్నీ ఆరిపోయేవి. తీస్తే నాలుగూ వెలిగేవి. కట్టె తలుపు సిగ్నల్‌ను కొంత తగ్గించవచ్చునేమో గానీ ఇట్లా చేయదని యూసుఫ్ అన్నాడు. "తలుపు తీస్తే అవతల ఉన్నది హాలే కద దొరా. ఆడ ఒక్క దీపమే ఉండె. ఈడికి నాలుగు యాడికెల్లి వస్తున్నయి?"

పదకొండు రోజులు మాట్లాడుకున్నాం. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించాలని అనుకున్నాను గానీ గది దాటితే బొమ్మ పోయేది. అందుకే నోటితో చెప్పేవాడిని. బావి పూడిందని, బురుజు ఒక పక్క కూలిందని. పెరట్లో సీతాఫలం చెట్టు ఇంకా కాస్తుందని చెబితే ఒక పండు తిని ఎట్లా ఉందో చెప్పమంది. తిని చెప్పాను. రోజూ ఒక్క మాట అడగాలని కూర్చునేవాడిని. నన్ను క్షమించు అనే మాట. మా వంశంలో మగవాడు ఆ మాట అనగా నేను వినలేదు. రేపు అడుగుతానని లేచేవాడిని.

పన్నెండో రోజు ఎట్లాగైనా అడగాలని పొద్దున్నే నిశ్చయించుకున్నాను. రమకు కూడా చెప్పాను. నాలుగింటికి కొద్దిగా ముందు వామనరావు అన్న మనవరాలి పెళ్లి కార్డు పట్టుకుని వచ్చాడు. హాల్లో, సరిగ్గా అర్రకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం తమ్మీ, ముసలితనాన జొన్నల అర్రల ఏం తపస్సు చేస్తున్నవు?" అన్నాడు.

సామాను సర్దుకోవాలని చెప్పి లోపలికి వచ్చాను. రమ నా వెనుకే వచ్చి మెల్లగా అంది, "ఆయనకు నేను చాయ్ పోస్త. ఏమనుకుంటే అనుకోనియ్యండ్రి. మీరు తలుపు తీసిపెట్టుకోండ్రి."

ఫోన్ మోగింది. సుగుణ దిండుకు ఆనుకుని ఉంది. అన్నా అని పిలవబోయింది. పెదవులు కదిలాయి, గాలి మాత్రమే వచ్చింది. అవతల వామనరావు అన్న దగ్గు వినబడింది. నేను లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నాను.

ఆమె ముఖం ఆగిపోయింది. నోరు కొంచెం తెరిచి, నా వైపే చూస్తూ. కాసేపటికి అదీ పోయి ఫోన్ నల్లబడింది. నేను స్టూలు మీద అట్లాగే కూర్చున్నాను. తలుపుకూ నాకూ మధ్య నాలుగడుగులు. లేవలేదు. ఈయన పోయాక చేద్దామనుకున్నాను.

వామనరావు అన్న అరగంటకు పోయాడు. తలుపు తీసి ఫోన్ చేశాను. స్వప్న ఏడుస్తోంది.

"అమ్మ పోయింది మామా. గిప్పుడే, నీతోని మాట్లాడినంక."

నేను మాట్లాడలేదమ్మా అనబోయాను. ఆమె ఆగకుండా చెప్పింది. "నువ్వు తలుపేసినవు, అమ్మ గాబరపడ్డది. మల్ల లేచి తీసినవు కద. వెనుకకెల్లి వెలుతురు పడ్డది. 'తీసిండు, అన్న తలుపు తీసిండు' అన్నది. నువ్వు వచ్చి కూసొని దగ్గరికి వంగి ఏమో చెప్పినవు. నాకు వినబడలే, అమ్మకు వినబడ్డది. 'సరె అన్నా' అన్నది. గంతే, కండ్లు మూసింది."

ఒట్టు పక్కన పెట్టి ఆ గడప తొక్కాను, ఆమె లేని ఇంట్లో. అక్కడ స్వప్న ఫోన్ చూపించమన్నాను. ఆ రోజు మా మాటలు ఇరవై రెండు నిమిషాలని ఉంది. నా ఫోన్లో మూడు నిమిషాలు. ఆమె ఫోన్ తెరను ఫోటో తీసుకుని, తరువాత రెండూ యూసుఫ్‌కు చూపించాను. రెండు దిక్కులా ఒకటే ఉండాలని, ఇట్లా తాను ఎన్నడూ చూడలేదని అన్నాడు. రోగంలో సుగుణ తాను చూడాలనుకున్నదే చూసిందని అనవచ్చు. ఫోన్ పట్టుకున్న స్వప్నకు ఏ రోగమూ లేదు.

అంత్యక్రియలయ్యాక స్నానం చేశాను. ఒకే మనిషికి రెండుసార్లు ఆ స్నానం చేసినవాడిని నేనే అయివుంటాను.

ఇంటికి వచ్చి చూస్తే జొన్నల అర్రలో సిగ్నల్ లేదు. తలుపు తీసినా, వేసినా ఒక్క దీపం వెలగలేదు. యూసుఫ్ సిమ్ మార్చాడు, రౌటర్ మార్చాడు. చివరకు దాన్ని తీసుకుపోయి వీధి అరుగు మీద, మొదట తాను చెప్పిన చోటనే పెట్టాడు. అక్కడ బాగా పనిచేస్తోంది.

లేచి తలుపు తీసింది ఎవరో నాకు తెలియదు. ఆమెకు ఏం చెప్పారో తెలియదు. నేను చెప్పవలసిన మాటే చెప్పి ఉంటారని అనుకోవడానికి నాకు హక్కు లేదు. చెప్పింది నేను కాదని స్వప్నకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

పోయిన ఎండాకాలం పాత సామాను కొనేవాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చారు. జొన్నల అర్ర టేకు తలుపును గొలుసుతో, తాళంతో సహా వాళ్లకు అమ్మేశాను.