మంద అనకూడదు

మా బావగారికి జంతువులంటే పడదు. వీధి చివర కుక్క పడుకుని ఉంటే పక్క వీధి చుట్టి ఇంటికొస్తారు. బల్లి కనిపిస్తే ఒంటిమీది సబ్బు నురగతోనే స్నానాల గదిలోంచి బయటపడతారు. కాని ఆ కుక్కలో బల్లులో ఓ నాలుగు ఒకచోట చేరాయంటే, వాటిని కలిపి ఏమనాలో లోకంలో ఆయనొక్కరికే తెలుసు. గొర్రెలైతే మంద, చీమలైతే బారు, మిడతలైతే దండు, కోతులైతే మూక. ఇంతవరకూ బాగానే ఉంది, అందరం అనేదే. అలాంటి మాట లేని జంతువులకు ఆయనే ఒకటి కుట్టి తొడిగారు. పిల్లులు గుంపుగా ఉంటే 'పొంచు' అనాలట. ఎన్ని పిల్లులు ఒకచోట చేరినా దేని దారి దానిదే. వాటికి అలాంటి మాట అక్కర్లేదని భాషకు తెలుసు, బావగారికి తెలియలేదు. ఎక్కడుంది ఈ మాట అని అడిగితే పాత గ్రంథంలో ఉందంటారు. ఏ గ్రంథమని అడిగితే పాతదే అంటారు.

ఆయన ఉద్యోగం బస్టాండులో. ఏ బస్సు ఎక్కడికి వచ్చి ఆగుతుందో మైకులో చెప్పాలి, మధ్యమధ్య విచారణ కిటికీ దగ్గర జనానికి జవాబివ్వాలి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఆయనకు మైకు దొరికింది. నాలుగు దిక్కుల నుంచీ జనం ఆ కిటికీ దగ్గరికొస్తారు. ఒకరు గొడ్లంటారు, ఒకరు పసులంటారు, మరొకరు జీవాలంటారు. ఎవరి తల్లి దగ్గర నేర్చుకున్న మాట వాళ్ళది. బావగారి కిటికీలో మాత్రం అవేవీ చెల్లవు. ఒకసారి కోళ్ళ వ్యాపారి గంపలతో పరిగెత్తుకొచ్చి, ఈ కోళ్ళ మందని బస్సు పైన వేసుకోవచ్చా అని అడిగాడు. గొర్రెలకూ కోళ్ళకూ ఒకే మాట ఎందుకు పనికిరాదో బావగారు ఓపిగ్గా వివరించారు. వివరణ పూర్తయ్యేసరికి బస్సు గేటు దాటింది. వ్యాపారి నెత్తి బాదుకుంటే, ఈయన ఒక మనిషిని బాగుచేశానన్న తృప్తితో టీ తాగారు. కండక్టర్లంతా కలిసి ఆయనకు 'సమూహం' అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి ఆయన నొచ్చుకోలేదు సరికదా, ఈ ఒక్క మాటైనా సరిగ్గా పలుకుతున్నారని మెచ్చుకున్నారు.

ఇదంతా బయటి తమాషా. ఇంట్లో మా అక్క ఉంది.

మా పుట్టింట్లో అక్కని వాగుడుకాయ అనేవాళ్ళు. అది గుమ్మంలోకి రాకముందే దాని కబురు ఇంట్లోకొచ్చేది. మా వైపు దేనికైనా మందే. కాకుల మంద, దోమల మంద, సెలవులకి దిగే చుట్టాల మంద. ఆ మాటతోనే అక్క కాపురానికొచ్చింది. వచ్చిన కొత్తలో బజార్లో చూసిందో పంపు దగ్గర విన్నదో చెప్పబోతే బావగారి చూపుడువేలు లేచేది. వేలు లేచిందంటే ఆగాలి. ఆయన సరైన మాట చెబుతారు, అక్క దాన్ని తిరిగి అప్పజెప్పాలి, అప్పుడు వేలు దిగుతుంది. అది దిగేసరికి చెప్పబోయిందేమిటో అక్క మరిచిపోయేది. గుర్తున్నా చెప్పాలన్న సరదా చచ్చేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె మాటలు 'వంటయింది', 'గ్యాసైపోయింది', 'నీళ్ళొచ్చాయి' దగ్గరికి వచ్చి ఆగాయి. వాటిలో దిద్దడానికేమీ ఉండదు మరి. మీ అక్క ఎంత నెమ్మదస్తురాలో అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. నేను ఆ ఇంటి మేడమీది వాటాలోనే అద్దెకుంటాను. కింద ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు ఊరుకుంటున్నారో నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఈమధ్య బావగారి గొంతు బొంగురుపోయింది. డాక్టరు లైటు వేసి చూసి, లోపల చిన్న కాయ ఉందని చెప్పి కోసి తీసేశాడు. తను మళ్ళీ చెప్పేదాకా నోరు విప్పొద్దన్నాడు, గుసగుసలు కూడా పనికిరావన్నాడు. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదంటారు. బావగారికి రెండోది ఎప్పుడో వచ్చేసింది, మొదటిది ఇన్నాళ్ళకు వచ్చింది.

ఆయన ఊరికే కూర్చునే రకమా? పలకా బలపం తెప్పించుకున్నారు. అక్క ఏదో అంటుంది, వేలు లేస్తుంది, పలక మీద గరగరమని రాసి ఆమె ముందు పెడతారు. అక్క పలక వంక చూసి, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనబడ్డం లేదంటుంది. కళ్ళజోడు నెత్తిమీదే ఉంటుంది. బావగారు నెత్తివైపు వేలు చూపిస్తే, అవునండీ, తల నెరిసిపోతోంది అని ఒప్పుకుంటుంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని మేడెక్కేదాన్ని.

మొదట్లో అక్క ఒకటి రెండు మాటలు జాస్తిగా అంది, అంతే. వేలు లేచినా ఏమీ కావడం లేదని తెలిశాక గేటు తీసిన కాలువైంది. ఒకరోజు కూరగాయలు తరుగుతూ మా నాన్న బాతుల లోడు కథ మొదలుపెట్టింది. నాన్న లారీ డ్రైవరు. నేను పుట్టకముందు, ఓసారి బడి సెలవులని అక్కని పక్కన కూర్చోబెట్టుకుని బాతుల లోడుతో బయల్దేరాడు. పెద్ద వంతెన మధ్యలో టైరు పేలింది, వెనక తలుపు ఊడింది, బాతులన్నీ కిందికి దూకేశాయి. అటు బస్సులు, ఇటు కార్లు. ఒక్క బాతు తగ్గినా ఉద్యోగం ఊడుతుందని నాన్న ఏడుపు మొహం పెట్టాడు. ట్రాఫిక్ పోలీసు వచ్చి విజిల్ ఊదితే బాతులకది నచ్చినట్టుంది, మొత్తం మంద ఆయన వెనకాలే నడక. ఆయన పరిగెడితే అవీ పరుగు.

అక్క వంటింట్లో ఆ పోలీసులా నడిచి చూపించింది. బావగారు బలపం పట్టుకుని 'మంద' దగ్గర వేలెత్తారు. పోలీసు టోపీ ఊడిపడి అందులో ఒక బాతు కూర్చున్న దగ్గర వేలు దించారు. ఆ తర్వాత ఆయన భుజాలు ఊగడం నేను కళ్ళారా చూశాను. నవ్వకూడదు, గొంతుకి మంచిది కాదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అప్పటినుంచి కథ రోజుకి కాస్త జరిగేది. సాయంత్రమయ్యేసరికి బావగారు కుర్చీ లాక్కుని వంటింటి గుమ్మంలో తయారు. పలక బియ్యం డబ్బాకి మూతగా పనికొచ్చింది.

ఆ రోజుల్లో నాకు ఒకటే దిగులు. డాక్టరు ఏదో ఒకరోజు ఈయన నోరు తెరిపిస్తాడు. అప్పుడు అక్క నోరు ఏమవుతుంది?

కథలో బాతులు వంతెన దిగి బట్టల షాపులోకి దూరాయి. షాపు యజమాని తలుపు మూయించాడు, లోపల పట్టుచీరలు, బయట నాన్న. మిగతాది రేపు చెప్తానని అక్క పొయ్యి కట్టేసింది. మర్నాడు బావగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గొంతు శుభ్రంగా ఉంది, ఇక మెల్లగా మాట్లాడుకోవచ్చన్నాడట. తిరిగొచ్చి చెప్పులు విడుస్తూ అక్క నాతో హుషారుగా, ఆలస్యమైందే, ఆసుపత్రిలో జనం మందలా ఉన్నారు అంది.

వేలు లేచింది. వెనకాలే, తుప్పు పట్టిన గొళ్ళెం తీసినట్టు, గొంతు కూడా వచ్చింది.

"రోగుల్ని మంద అనకూడదు."

అన్నాళ్ళ తర్వాత ఆ మనిషి పలికిన మొదటి మాట అది. అక్క ఆయన వంక ఒకసారి చూసింది. కోపంగా కాదు, కరెంటు పోయినప్పుడు బల్బు వంక చూసినట్టు చూసింది. "సరేనండి" అని లోపలికెళ్ళింది. నాకు ఆ పలక తీసి ఆయన నెత్తిన బాదాలనిపించింది.

సాయంత్రం బావగారు కుర్చీ లాక్కుని గుమ్మంలో కూర్చున్నారు. అక్క వంటయింది అని చెప్పి ఆయనకూ నాకూ కంచాలు పెట్టింది. ఆయన రెండు ముద్దలు తిన్నారు, నీళ్ళు తాగారు, గొంతు సవరించుకున్నారు.

"ఇంతకీ ఆ బాతుల మంద ఏమైంది?" అన్నారు.

మంద అనే అన్నారు, కావాలనే అన్నారు. అని, నేను విన్నానో లేదోనని నావైపు కూడా చూశారు. ఆయన చేతనైనంతలో అది తప్పయిందని దణ్ణం పెట్టడమే.

అక్క ఆయన కంచంలో కూర వడ్డించింది. "మీకు గొంతొచ్చిందిగా, ఇక మీరే చెప్పండి" అంది.

బావగారు నోరు తెరిచారు. బాతులు నేలమీద నడిస్తే ఏమనాలో, నీళ్ళలో ఈదితే ఏమనాలో, పైకి ఎగిరితే ఏమనాలో అన్నీ ఆయనకు తెలుసు. ఆ షాపులోంచి అవి ఎలా బయటపడ్డాయో, మా నాన్న ఉద్యోగం ఉందో ఊడిందో తెలియదు. తెరిచిన నోటితోనే నావైపు తిరిగారు.

"నీకు తెలుసు కదమ్మా, పోనీ నువ్వు చెప్పు."

నాకు తెలుసు. మొదటిసారి ఆయన మీద జాలి కూడా వేసింది.

"నేను చెప్తే తప్పులొస్తాయి బావగారూ" అని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను.