నవలలోకి వచ్చిన మేకలు

ఆ రోజుల్లో నవల మీద అభిప్రాయం చెప్పాలంటే నవల చదవాలన్న నియమం నాకు తెలియదు. (ఇదేదో పదేళ్ల పిల్లవాడి సంగతి అనుకునేరు, నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, భద్రాచలంలో మా బాబాయి బియ్యం దుకాణం నా చేతుల మీదుగానే నడిచేది.) మా ఇంట్లో బస్తా మొత్తం విప్పి బియ్యం చూసినవాడు లేడు. ఇనుప గొట్టం పైన ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి గుచ్చి, రాలిన గింజలు అరచేతిలో వేసుకుని సరుకు తేల్చేస్తాం. నవలకూ అదే పద్ధతి పెట్టాను. మొదట పది పేజీలు, నడుమ పది, చివర పది. ఆదివారాలు టైలర్ మామూ దుకాణంలో కూడే మా చదువరుల గుంపులో అందరికంటే ముందు నోరు విప్పేది నేనే.

ఆ వారం ఆశ కూడా పెద్దదే. గుంపు తరఫున హైదరాబాదు పుస్తకాల ప్రదర్శనకు వెళ్లి, ఏడాదికి సరిపడా నవలలు ఎంచి తెచ్చే మనిషిని తేల్చాలి. అన్ని పుస్తకాల దుకాణాలతో బేరమాడే భాగ్యం ఇంకొకరికి పోతే నాకు అన్నం సహించేది కాదు. అందరం చదవాల్సిన నవల, గోదావరి వరదలో తప్పిపోయిన కొడుకును వెతికే తల్లి కథ. నేను యథాప్రకారం మూడుచోట్ల గుచ్చి వచ్చి గొంతు సవరించుకున్నాను.

“నడుమ భాగం నాకు మస్తు నచ్చింది. కొడుకు జాడ దొరకలే. ఆమె ఏడ్వలే. మేకలకు కడుపుల పురుగులు పోయేటట్టు నట్టల మందు తాగిస్తది. ఏ నెలల ఎంత డోసు, అన్నీ రాసిండు. దుఃఖాన్ని గిట్ల చెప్పినోళ్లు లేరు.”

మామూ కుట్టుమిషను ఆగింది. గుంపుకు పెద్దదిక్కైన రిటైర్డు టీచరమ్మ తన ప్రతి తిరగేసింది.

“నా బుక్కుల మేకల్లేవే, బిడ్డా.”

“నా దాంట్ల గూడ లేవు,” అన్నాడు మామూ. “నీకొక్కనికి ఎన్ని వచ్చినయ్ రా?”

“ఓ నలభై ఉంటయ్ మామూ.” ఇద్దరి ముఖాలూ చూసి లెక్క దించాను. “పోనీ ఒకటో రెండో అన్న ఉంటయ్, మంచిగ చూడుండ్రి.”

టీచరమ్మ నా పుస్తకం లాక్కుని చూసింది. ప్రెస్సువాళ్లు పొరపాటున మేకల పెంపకం పుస్తకంలోని పదహారు పేజీలు నా నవల నడుమ పెట్టి కుట్టేశారు. నేను సరిగ్గా అక్కడే గుచ్చాను.

“ఎంత చదివినవ్?” అంది.

“ముప్పావు, టీచరమ్మా.” ఆమె చూపు తిప్పలేదు. “సగం.” అప్పటికీ తిప్పలేదు. “పావు.”

“గా పావుల గూడ సగం మేకలే,” అన్నాడు మామూ.

చివరికి ఇద్దరినీ పంపారు. నవలలు టీచరమ్మ ఎంచాలి, రేటు నేను మాట్లాడాలి. బస్సెక్కగానే ఆమె తన ప్రతి నా ఒళ్లో పడేసి, “దిగేలోపు చదువు,” అంది. జూలూరుపాడు దాటేసరికి నా ప్రతిలో మేకలు దూరిన చోటికి వచ్చాను. అక్కడ ఆ తల్లి, కొడుకు చొక్కా రేవులో దొరికితే ఉతికి ఆరేసి, అది ఆరేదాకా పక్కనే కూర్చుంటుంది. అంతే. నేను కిటికీ వైపు తిరిగాను.

“కంట్ల దుమ్ము పడ్డదా?”

“అవ్, టీచరమ్మా.”

ఇప్పుడు ఏ నవలైనా అట్ట నుంచి అట్ట దాకా చదువుతున్నాను. మొన్న ఆదివారం కొత్త నవల మీద నా అభిప్రాయం అడిగితే, చాలాసేపు మాటలు వెతుక్కుని “బాగుంది” అన్నాను. ఆ ఇరవై నాలుగేళ్లవాడైతే అరగంట దంచేసేవాడు. ఒక్కోసారి వాడి పక్కన కూర్చుని, అడ్డుపడకుండా వినాలనిపిస్తుంది.